తువ్వాల కింద చెప్పిన నొప్పి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఊళ్లలోని సర్కారు దవాఖానల్లో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. ఆఖరి ఎనిమిదేళ్లు ఫ్యామిలీ మెడిసిన్ ట్రైనీలకు పని నేర్పాను. ఎంబీబీఎస్ అయిపోయి, మూడేళ్లు మా దగ్గర ఉండి, ఇంటిల్లిపాదికీ వైద్యం చేయడం నేర్చుకునే డాక్టర్లు వాళ్లు. నేను రిటైరయ్యాక వాళ్లలో ఇద్దరు ఇంటికొచ్చి, నొప్పి మందుల గురించి కొత్త బ్యాచ్‌కు ఏమైనా రాసిపెట్టమన్నారు. డోసులు, లెక్కలు రాయను. అవి పుస్తకంలో ఉన్నాయి, మీరు నాకంటే బాగా చదివారు. పుస్తకంలో లేనివి మాత్రం రాస్తాను. ఏది ఏ ఊళ్లో జరిగిందో చెప్పను. ఇందులో తిట్లు తినే వాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు, నాతో సహా.

జేబులో తాళంచెవి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు చాలా పద్ధతైన మనిషి. పొద్దున ఎనిమిదింటికి ఆయన స్కూటరు చప్పుడు వినిపించిందంటే గడియారం చూసుకోనక్కర్లేదు. ఆపరేషన్ల కోసం తెప్పించిన మార్ఫిన్ ఇంజెక్షన్లు ఆయన గదిలో ఇనప బీరువాలో ఉండేవి. తాళంచెవి చొక్కా జేబులో ఉండేది. ఆ రోజుల్లో చట్టం కూడా అలాగే ఉండేది. ఒక్క ఇంజెక్షను లెక్క తప్పితే డాక్టరు జైలుకు పోతాడని అందరం నమ్మేవాళ్లం.

వడ్డేపల్లి వైపు నుంచి మరియమ్మ అని ఒకామె వచ్చింది. భర్తతో కలిసి పుణె, బొంబాయిల్లో కట్టడాల కూలికి పోయి వచ్చిన మనిషి. గర్భసంచి క్యాన్సర్. అప్పటికే ఎముకల్లోకి పాకింది. వార్డులో చోటు లేక వరండాలో మంచం వేశాం. నేను పక్కనుంచి పోయినప్పుడల్లా నా కొంగు పట్టుకునేది.

"అమ్మా, జరంత నిద్రవట్టే మందియ్యి. ఒక్క పూటకు సాలు. రేపు మల్ల అడగ."

నేను సూపరింటెండెంటు గారిని ఒక్క మార్ఫిన్ సూది అడిగాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుంటూ, "అలవాటైపోతుందమ్మా. రేపు ఆడిట్ వస్తే నువ్వు చెప్తావా జవాబు?" అన్నారు. నేను చెప్తానని అనలేదు. వచ్చి మరియమ్మకు డైక్లోఫెనాక్ అనే మామూలు నొప్పి సూది వేసి, ఓర్చుకోమని చెప్పాను. తొమ్మిది రోజులు ఓర్చుకుంది. చీర కొంగు నోట్లో కుక్కుకొని ఓర్చుకుంది. పదో రోజు నేను డ్యూటీకి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఆయన రిటైరైన రోజున దండలు వేసి సభ పెట్టాం. తన హయాంలో ఒక్క మార్ఫిన్ ఇంజెక్షను కూడా లెక్క తప్పలేదని ఆయన గర్వంగా చెప్పుకున్నారు. నిజమే, తప్పలేదు. గడువు దాటిన పెట్టెలు పెట్టెలుగా సాక్షుల ముందు పగలగొట్టించారు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను.

ఆయన చెడ్డవాడని రాయను. భయస్తుడు. ఇన్నేళ్ల తర్వాత నాకు ఆయన మీద కోపం లేదు, నా మీదే ఉంది. ఎందుకంటే నేను ఒక్కసారే అడిగాను. రెండోసారి ఎందుకు అడగలేదా అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

అడగని ప్రశ్న

కాలం మారింది. చట్టం కొంత సడలింది. జిల్లా దవాఖానల్లో నయం కాని జబ్బుల వాళ్ల కోసం ఒక గది, అందులో మార్ఫిన్ గోలీలు వచ్చాయి. ఈసారి తాళంచెవి నా దగ్గరికి వచ్చింది. నేను మా పాత సూపరింటెండెంటులా ఉండనని ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు ఎలా తప్పానో చెప్పడానికే ఇదంతా.

సుహాస్ అప్పటి ట్రైనీల్లో ఒకడు, హైదరాబాద్ పిల్లవాడు. తెలివైనవాడు, మంచి మనసున్నవాడు, ఎవరైనా అబ్బా అంటే తట్టుకోలేడు. ఓపీలో మోకాళ్ల నొప్పి అన్నవాళ్లందరికీ మార్ఫిన్ జాతిదే అయిన ట్రమడాల్ రాసేవాడు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. అదీ నా తప్పుల్లో ఒకటి.

ఒకరోజు చెన్నమ్మ అనే అవ్వకు పది గోలీలు రాశాడు. అరవై ఐదేళ్లు ఉంటాయి, వేరుశనగ చేలో కలుపు తీసీ తీసీ మోకాళ్లు అరిగిపోయాయి. బీపీ అడిగాడు, షుగర్ అడిగాడు, గ్యాస్ ఉందా అని అడిగాడు. అన్నీ కేస్‌షీట్‌లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. కల్లు తాగుతావా అని మాత్రం అడగలేదు. నెత్తిన కొంగు కప్పుకొని కూర్చున్న ముసలమ్మను ఆ మాట ఎలా అడుగుతాం అనుకున్నాడు.

పాలమూరులో పనిచేయబోయే మీకు ఇది అన్నిటికంటే ముందు తెలియాలి. ఇక్కడ పొద్దు గూకితే ఆడవాళ్లూ మగవాళ్లూ అనే తేడా లేకుండా కల్లు సీసా తాగుతారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, పొద్దంతా ఎండలో వంగి చేసిన పని అలాంటిది. కానీ ఆ సీసాలో చాలా చోట్ల ఉండేది చెట్టు కల్లు కాదు. నిద్రమాత్రల పొడి కలిపిన నీళ్లు. దాని మీద ట్రమడాల్ పడితే మనిషి నిద్రలోకి జారి ఊపిరి తీసుకోవడం మరచిపోతాడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి చెన్నమ్మ కూతురు ఆటోలో తల్లిని ఒళ్లో పెట్టుకొని వచ్చింది.

"నొప్పి బాగుందని రెండు గోలీలు ఒక్కపారే ఏస్కుందమ్మా. మీదికెల్లి దినాం తాగే సీస తాగింది. పొద్దుగాల లేపితె లేస్తలేదు."

ఆక్సిజన్ పెట్టాం, విరుగుడు సూది వేశాం, పక్కన కూర్చొని ఊపిరి లెక్కపెట్టాం. మధ్యాహ్నానికి కళ్లు తెరిచి, చుట్టూ ఇంతమంది ఎందుకు నిలబడ్డారని అడిగింది. తర్వాత సుహాస్‌ను చూసి, "నీ గోలి మంచిగనే పనిచేసింది బిడ్డా, మస్తు నిద్రొచ్చింది" అంది. అందరూ నవ్వారు, సుహాస్ తప్ప.

ఎందుకంటే అప్పటికి పావుగంట ముందే నేను వాణ్ణి వార్డు మధ్యలో నిలబెట్టి తిట్టాను. నర్సుల ముందు, జూనియర్ల ముందు, పేషెంట్ల ముందు తిట్టాను. మనిషిని చంపబోయావన్నాను. నాకు కోపం వస్తే నోరు నా మాట వినదు, అది మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. తిట్టడం వల్ల పని నేర్చుకుంటారని ఆ రోజు దాకా నేను నిజంగా నమ్మాను.

పదికి రెండు

వాడు నేర్చుకున్నాడు. కాకపోతే నేను నేర్పాలనుకున్నది కాదు. ఆ రోజు నుంచి వాడి కలం ట్రమడాల్ రాయడం మానేసింది. మార్ఫిన్ సంగతి సరేసరి. విరిగిన తొంటికీ పారాసిటమాలే, పాకిన క్యాన్సర్‌కూ పారాసిటమాలే. జాగ్రత్త పెరిగింది అనుకొని నేను లోలోపల సంతోషించాను కూడా.

అప్పుడే కిష్టన్న మా నయం కాని జబ్బుల గదిలో చేరాడు. పెబ్బేరు సంతలో నలభై ఏళ్లుగా ఎడ్ల బేరగాడు. ఎద్దు పళ్లు చూసి వయసు, నడక చూసి గుణం చెప్పగలడని పేరు. దవడ క్యాన్సర్. హైదరాబాద్‌లో చేయగలిగినదంతా చేసి, ఇక ఇంటి దగ్గర చూసుకొమ్మని పంపారు. భుజం మీద ఎర్ర గళ్ల తువ్వాల, పక్కన భార్య ఎల్లమ్మ, తలాపున కొడుకు శ్రీశైలం. సుహాస్ రోజూ పొద్దున పోయి పుస్తకంలో ఉన్నట్టే అడిగేవాడు. నొప్పి అసలు లేకపోతే సున్నా, భరించలేనంత ఉంటే పది, ఇప్పుడు ఎంత అని. కిష్టన్న కొడుకు వైపు ఒకసారి చూసి రెండు వేళ్లు చూపించేవాడు. రెండుకు పారాసిటమాల్ చాలు. అలా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు ఎల్లమ్మ నన్ను ఓపీ మెట్ల దగ్గర ఆపింది.

"అమ్మా, మా ఆయన అబద్ధమాడుతుండు. గట్క నోట్ల వెట్టుకుంటె కండ్లెంట నీళ్లు గారుతున్నయి. సారొచ్చి అడిగితె రెండే అంటడు."

"ఎందుకంటడు గట్ల?"

"నొప్పి ఎక్కువుందంటె మా శ్రీశైలం ఎడ్లజత అమ్మి మల్ల పట్నం తీస్కవోత అంటుండు. ఆ జతను ఈయన మూడు సంతలు దిరిగి దెచ్చిండు. పానం వోయినా అమ్మనియ్యడు. ఇగ రెండు సీసలు తాగెటోడు ఇప్పుడు ఎన్ని తాగుతుండో నాకు తెల్వదు. బాత్రూమ్ కాడికి వోయి తాగొస్తుండు."

మెట్ల మీద నిలబడే నాకు మరియమ్మ గుర్తొచ్చింది. అప్పుడు మందుకు తాళం వేసి ఉంచింది మా సూపరింటెండెంటు జేబులోని తాళంచెవి. ఇప్పుడు తాళం వేసింది నా నోరు. సుహాస్‌కు ఆ మనిషి నొప్పి తెలియక కాదు, తెలుసుకుంటే మార్ఫిన్ రాయాల్సి వస్తుందని భయం. అందుకే రెండు వేళ్లు చూపిస్తే రెండే రాసుకొని వచ్చాడు. పన్నెండు రోజులు ఒక మనిషి మెత్తటి జొన్న గట్క కూడా మింగలేక ఏడ్చాడంటే, అందులో నా పాలు ఎక్కువ.

చేతితో చేసే బేరం

సుహాస్‌ను వెంటబెట్టుకొని కిష్టన్న దగ్గరికి పోయాను. శ్రీశైలం అక్కడే ఉన్నాడు. కొడుకును బయటికి పంపితే కిష్టన్నకు అనుమానం వస్తుంది, అప్పుడు అసలే చెప్పడు. ఏం చేయాలో తోచక నిలబడి చూస్తుంటే భుజం మీది తువ్వాల కనిపించింది.

మాది కొత్తకోట దగ్గర ఊరు. చిన్నప్పుడు నాయన వెంట పెబ్బేరు సంతకు పోయేదాన్ని. అక్కడ ధర ఎవరూ నోటితో చెప్పరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాల కప్పుతారు, లోపల ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పడితే ఒకటి. అరచెయ్యి మొత్తం పడితే ఐదు. వదిలి మళ్లీ పడితే దానికి కలపాలి. చుట్టూ వందమంది నిలబడినా ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. లోపల చేతులు మాట్లాడుతుంటే పైన ముఖాలు మాత్రం వానల గురించి మాట్లాడుతుంటాయి.

"కిష్టన్నా, సంతల ధర నోటితోని చెప్తవా నువ్వు?" అన్నాను.

దవడ సరిగా కదలక మాట ముద్దగా వచ్చింది. "నోటితోని ఎవడు జెప్తడమ్మా. చేతితోనే."

"మరి ఈ సారు రోజూ నలుగుర్ల నిలబడి నోటితోని అడుగుతుండు. ఆయనకు బేరం తెల్వదు. జర నేర్పియ్యి."

కిష్టన్న నన్ను చూశాడు, సుహాస్‌ను చూశాడు, కొడుకును చూశాడు. కళ్లలో ఏదో మెరిసింది. తువ్వాల తీసి చాపిన చెయ్యి మీద వేసుకున్నాడు. నేను సుహాస్‌కు ఎలా లెక్కపెట్టాలో చెవిలో చెప్పి, చెయ్యి లోపల పెట్టమన్నాను. వాడు సిగ్గుపడుతూ పెట్టాడు. శ్రీశైలం ఇదేం వైద్యం అన్నట్టు చూస్తున్నాడు.

కిష్టన్న కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఈ యాడాది వానలు వడి కాలం మంచిగనే అయ్యేటట్టుంది" అన్నాడు. తువ్వాల ఒకసారి కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. సుహాస్ ముఖం పాలిపోయింది.

"ఎంత?" అన్నాను.

"సంతలో బయటికి చెప్పరు కదా మేడం" అన్నాడు వాడు. కేస్‌షీట్ తీసుకొని నాకు మాత్రమే కనిపించేలా రాశాడు. తొమ్మిది.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఒక శిష్యుణ్ణి చూసి నాకు గర్వమేసింది ఆ క్షణానే. ఎదుటి మనిషి దాచుకున్నదాన్ని దాచి ఉంచడం, దానికి మందు మాత్రం వేయడం, మన పని అంతా ఇంతే.

బయటికి రాగానే వాడి గొంతు మారిపోయింది. "మేడం, ఈయనా కల్లు తాగుతాడు. చెన్నమ్మకు అయినట్టు అయితే?"

"ఆ రోజు నేను అందరి ముందు అరవడం తప్పు" అన్నాను. "నిన్ను పక్కకు పిలిచి కల్లు సంగతి అడగడం నేర్పాల్సింది. నేర్పకుండా భయపెట్టాను. ఈసారి ఇద్దరం కలిసి రాద్దాం. కింద నా సంతకం కూడా పెడతాను."

పెద్దవాళ్లు క్షమాపణ చెబితే చిన్నవాళ్లు ఎటు చూడాలో తెలియక ఇబ్బంది పడతారు. వాడు గోడ మీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత, "ముందు ఎన్ని సీసాలో తెలియాలి మేడం" అన్నాడు.

మళ్లీ లోపలికి పోయి, మళ్లీ తువ్వాల కిందే అడిగాడు. ఎల్లమ్మ ముందు కిష్టన్న నోటితో చెప్పడని వాడికి అప్పటికే అర్థమైంది. రోజుకు నాలుగు వేళ్లు వచ్చాయని తర్వాత నాకు చెప్పాడు. ఒక్కసారిగా మానిపిస్తే ఫిట్స్ వస్తాయి, ఈ జిల్లాల్లో పనిచేసిన వాళ్లందరం చూసిన సంగతే. సుహాస్ మూడుకు తగ్గమని మూడు వేళ్లు పట్టుకున్నాడు. కిష్టన్న నాలుగు అన్నాడు. సుహాస్ మూడు వదల్లేదు. కాసేపటికి కిష్టన్న చెయ్యి బయటికి తీసి, "ఈ సారు సంతకొస్తె మా కడుపుగొట్టేటట్టున్నడు" అన్నాడు. పన్నెండు రోజుల్లో ఆ గదిలో నవ్వు వినిపించడం అదే మొదలు.

చిన్న డోసుతో మొదలుపెట్టి మూడు రోజులు కళ్లముందే ఉంచుకున్నాం. సీసాలు మూడు, తర్వాత రెండు, అలా మెల్లగా తగ్గించాం. ఇంటికి పోయాక గోలీ ఇచ్చే ముందు మనిషిని పిలిచి చూడమని, పలకకపోయినా, ఊపిరి మెల్లగా ఆడుతున్నా గోలీ ఆపి వెంటనే మాకు ఫోన్ చేయమని సుహాస్ ఎల్లమ్మకు నేర్పాడు. మార్ఫిన్‌తో పాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా తప్పకుండా రాశాడు. దాన్ని మరచిపోయే ట్రైనీని నేను ఇప్పటికీ క్షమించను.

శ్రీశైలం ఒకటే మాట పట్టుకున్నాడు. "ఇది ఆఖరి మందంట గద మేడం. ఇది ఇస్తున్నరంటె ఇగ అయిపోయినట్టేనా?"

"ఇది నొప్పి మందు, చావు మందు గాదు" అన్నాను. "పట్నం వోయినా ఈ నొప్పికి ఇదే గోలి ఇస్తరు. నీ ఎడ్లు నీ కొట్టంల ఉండనియ్యి."

ఆ మాటకు కిష్టన్న కళ్లు మూసుకున్నాడు. మూడో రోజు గిన్నెడు గట్క తిన్నాడు.

మీకు చెప్పేది

మీరు రెండు రకాలుగా తప్పు చేస్తారు. ఒకటి, అడిగినవాళ్లందరికీ రాయడం. రెండు, ఒకసారి చెయ్యి కాలాక ఎవరికీ రాయకపోవడం. మొదటి తప్పు చేస్తే పట్టుబడతారు, పైవాళ్లు తిడతారు. రెండో తప్పు చేస్తే ఎవరూ ఏమీ అనరు, పైగా జాగ్రత్తపరుడని పేరు వస్తుంది. అందుకే రెండోది చాలా ప్రమాదం. మా పాత సూపరింటెండెంటు గారికి దండలు వేశాం, గుర్తుందా.

కల్లు సంగతి అందరినీ అడగండి. తప్పు పట్టినట్టు అడగకండి, అన్నం తిన్నావా అన్నట్టు అడగండి. సుహాస్ ఇప్పుడు నల్లమల అంచున ఒక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాడు. ఈమధ్య చూడ్డానికి పోతే, ఓపీలో తొంభై ఏళ్ల అవ్వను, "అవ్వా, దినాం ఎన్ని సీసలు?" అని అడుగుతున్నాడు. ఆమె, "ఒకటిన్నర నాయనా" అని నిజం చెప్పింది. మోకాళ్లకు ట్రమడాల్ రాయలేదు. పూత మందు ఇచ్చి, తొడ కండరాలకు వ్యాయామం తనే చేసి చూపించాడు. వాడి భాష కూడా మా భాష అయిపోయింది.

ఇక మీ పైవాళ్లకు ఒక మాట. పిల్లలు తప్పు చేస్తే తలుపు మూసి చెప్పండి. మన అరుపు వాళ్ల దగ్గర ఆగదు, వాళ్ల కలం మీదుగా పేషెంటు దాకా పోతుంది.

పిడికిలి

నెల తిరగకముందే కిష్టన్న తన కొడుకు బండి మీద ఎక్కి పెబ్బేరు సంతకు పోయాడు. చాయ్ కొట్టు ముందు మంచం మీద కూర్చొని ఒక జత బేరం కుదిర్చాడట. మరుసటి వారం మా దగ్గరికి గోలీల కోసం వచ్చినప్పుడు ఆ జత కొమ్ములు, నడక, గిట్టలు అన్నీ వర్ణించి చెప్పాడు. సుహాస్ ఓపిగ్గా విని, చెయ్యి చాపాడు. తువ్వాల కింద కిష్టన్న ఏ వేలూ పట్టుకోలేదు. పిడికిలి బిగించి వాడి అరచేతిలో పెట్టాడు. సున్నాకు సంతలో గుర్తు ఉండదు. ఎందుకంటే సున్నాకు ఎవడూ ఎద్దును అమ్మడు. అది కిష్టన్న సొంతంగా కల్పించుకున్న గుర్తు.

ఐదు నెలలు బతికాడు. జబ్బు పెరిగేకొద్దీ మందూ పెంచాం. చివరి నెలలో మాట పూర్తిగా పోయింది. మేం ఇంటికి పోయి చూసి వచ్చేవాళ్లం. ఎడ్లజత కొట్టంలోనే ఉండేది, ఆయన మంచంలోంచి కనిపించేట్టు కట్టేవాడు శ్రీశైలం.

పెద్దకర్మ అయిన మర్నాడు ఎల్లమ్మ ఒక్కతే దవాఖానకు వచ్చింది. మిగిలిన గోలీలు ఎర్ర గళ్ల తువ్వాలలో మూటగట్టి తెచ్చింది. ఇవి ఇంట్లో ఉండకూడదని సారు చెప్పాడని నా బల్ల మీద పెట్టింది. నేను గోలీలు తీసుకొని తువ్వాల మడిచి తిరిగి ఇచ్చాను. ఏమడగాలో తెలియలేదు. అయినా అడిగాను.

"ఆఖరు దినం ఎట్లుండె ఎల్లమ్మా? నొప్పి..."

ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకొని నా చెయ్యి పట్టుకుంది. పైన తువ్వాల కప్పింది. జీవితంలో ఎన్నడూ సంతలో బేరం చేయని మనిషి, మాట పోయిన ఆ చివరి నెలలో భర్త చేతి నుంచే అంతా నేర్చుకుంది. వాన గురించి గానీ కాలం గురించి గానీ ఏమీ అనకుండా నా ముఖంలోకే చూస్తూ, పిడికిలి బిగించి నా అరచేతిలో పెట్టింది.

నేను ఆ పిడికిలిని రెండు చేతులతో పట్టుకొని ఏడ్చాను.